మళ్ళీ మళ్ళీ చుట్టిన తీగ

ఏప్రిల్ 19, 2024

వాన వెలిసి మూడు రోజులైంది. ఈ అరబ్బు ఊరు ఉమ్ అల్ క్వైన్‌లో చాలా వీధులు నీళ్ళలోంచి బయటపడ్డాయి కానీ మా ఇండస్ట్రియల్ ఏరియా వీధి ఇంకా చెరువే. ఈ పొద్దున షట్టరు ఎత్తగలిగాం. లోపల చీలమండల లోతు నీళ్ళు, వాటి అడుగున రాగిరంగు వెలుగు. పొడుగు జుట్టు మనిషెవరో బోర్లా పడుకుని నిద్రపోతున్నట్టుంది. లేపడానికి మనసొప్పలేదు.

అది మా వైండింగ్ తీగ. కాలిపోయిన మోటార్లలో పాత చుట్టు పీకేసి కొత్తగా చుట్టేది దీంతోనే. పోయినేడాది ఓ ఫ్యాక్టరీ మూసేస్తుంటే సనావుల్లా చవగ్గా వస్తోందని మొత్తం కొనేశాడు. అన్నీ అట్ట రీళ్ళు. అట్ట నీళ్ళు తాగి ఉబ్బి, అంచులు ఊడి, పట్టుకున్నదంతా వదిలేసింది.

సనావుల్లాది నెల్లూరు. షాపు లైసెన్సు అతని పేరు మీద ఉంది, పని నా చేతుల మీద ఉంది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని ఆ నీళ్ళలో నిలబడి చాలాసేపు చూశాడు.

"తుక్కోడికి ఫోన్ చేస్తా రత్నమన్నా. ఖలాస్. ఈ చిక్కు తియ్యడం ఎవురి వల్ల అవుద్ది?"

"నా వల్ల అవుద్ది."

"తీసి దేనికి చుడతావు? రీళ్ళేవీ?"

"చేస్తాను."

"దేంతో?"

నా నోరు ఎప్పుడూ నాకంటే ఓ అడుగు ముందు నడుస్తుంది. పెళ్ళిచూపుల్లో మామగారు "ఇంగ్లీషు వచ్చా అబ్బాయ్" అంటే "వచ్చండి" అన్నాను. అప్పటికి నాకొచ్చిన ఇంగ్లీషంతా మోటార్ల నేమ్‌ప్లేట్ల మీద చదివినది. ఫేజు, ఫ్రేము, కంటిన్యువస్ డ్యూటీ. ఆ చివరి మాట కాపురానికి కూడా పనికొచ్చింది.

ఏప్రిల్ 20

జ్ఞానకుమారికి చెప్పాను. అప్పుడే హాస్పిటల్ నుంచి వచ్చి కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది. జూన్ నెలాఖరుతో ఆవిడ నర్సు ఉద్యోగం అయిపోతుంది. ఆ తరవాత నరసాపురం. చెల్లెలు హెప్సీ ఇంటి పక్కన రెండు గదులు చూసి పెట్టింది. గోడలకి ఏ రంగు వెయ్యాలో కూడా ఫోన్లో మాట్లాడేసుకున్నారు.

నేను ఈ దేశంలో ఉన్నది ఆవిడ వీసా మీద. అందరి కఫీలూ, అంటే వీసా ఇచ్చే యజమాని, తెల్ల కందూరా వేసుకుని పెద్ద కారులో తిరుగుతాడు. నా కఫీలు మోకాళ్ళకి ఆముదం రాసుకుంటుంది. ఆవిడ వీసా రద్దు కావాలంటే ముందు నాది రద్దు కావాలట. ఇక్కడి పద్ధతి అది. నేను పాస్‌పోర్టు తెచ్చి సంతకం పెట్టేదాకా ఆవిడ కదలడానికి లేదు.

"ఈ తీగంతా రీళ్ళకెక్కించి వచ్చేస్తాను జ్ఞానం. సనాని ఇలా నీళ్ళలో వదిలేసి రావడం బాగుండదు."

"అలాగేనండి. పనయ్యాకే సంతకం పెడుదురు గాని. కాకపోతే అవ్వనివ్వండి."

అవ్వనివ్వండి అంటే ఏమిటో. అవ్వకుండా నేనెందుకు చేస్తాను?

ఏప్రిల్ 25

రీళ్ళు దేంతో చేయాలన్నది ఊరే చెప్పింది. వరద తరవాత ఈ ఊరు తన కడుపులో ఉన్నదంతా తెచ్చి రోడ్డు పక్కన పెట్టుకుంది. పరుపులు, తలుపులు, ఒక పియానో కూడా చూశాను. దాని మీద పిల్లి కూర్చుని ఉంది.

నాకు కావలసినవి మూడే. ప్లంబర్లు కోసి పారేసిన సన్న పైపు ముక్కలు, పెయింటు డబ్బాల మూతలు, సైన్‌బోర్డులు చేసేవాళ్ళ దగ్గర మిగిలిపోయే ఫోము షీటు ముక్కలు. అన్నీ అడిగితే ఇచ్చేవే. పైపు ముక్కకి అటో మూత, ఇటో మూత, మూత లేకపోతే గుండ్రంగా కోసిన ఫోము ముక్క. మధ్యగా పొడుగు బోల్టు దూర్చి రెండు వైపులా వాషరు వేసి నట్టు బిగిస్తే రీలు. తీగ కొస ఇరికించడానికి మూత అంచున చిన్న గాటు. బోల్టు చివరని డ్రిల్లు మిషనుకి పట్టించి మీట నొక్కితే రీలు గిర్రున తిరిగి తీగని తనే మింగుతుంది.

సనా చూసి "పైపు లావుది ఎయ్యన్నా, ఇంత సన్నందా" అన్నాడు. సన్నదైతే ఎక్కువ తీగ పడుతుంది అన్నాను. వయసులో పెద్దవాణ్ణి గనక ఊరుకున్నాడు.

ఈ మూతల మీద రంగుల పేర్లుంటాయి. ఎడారి గులాబి. తడి ఇసుక. వేకువ. పెయింటు కంపెనీలో పేర్లు పెట్టే ఉద్యోగం ఎవరిదో గాని ఆ మనిషి కాసింత తీరిగ్గా బతికినవాడు. ఇక ఫోము షీట్లయితే అన్నీ సగం సగం బోర్డులు. ఒక రీలుకి చేపకన్ను వచ్చింది, ఏ హోటలుదో. ఇంకో రీలుకి అరబ్బీలో నూన్ అక్షరం. నూన్ అంటే ఒక పడవ, అందులో ఒక చుక్క. రీలు తిరిగినప్పుడు పడవ తలకిందులవుతుంది, చుక్క మాత్రం బయటికి పడదు. మధ్యాహ్నం నమాజు వేళ వీధంతా సద్దుమణిగాక దాన్ని ఊరికే తిప్పుతూ కూర్చున్నాను. తీగ లేకుండానే.

ఏప్రిల్ 30

చిక్కు తీయడం మొదలైంది. మంచినీళ్ళతో కడగడం, ఆరబెట్టడం, కొస వెతకడం. కొస దొరికితే సగం పనైనట్టే అంటారు. అన్నవాడెవడూ కొస వెతికుండడు.

మే 9

మా నరసాపురం వైపు ఆడవాళ్ళు లేసు అల్లుతారు. మా అమ్మ గుమ్మంలో కూర్చుని అల్లుతూ చూపు వీధిలో పెట్టి మాట్లాడుతుండేది, వేళ్ళు మాత్రం తమ పని తాము చేసుకునేవి. ఎక్కడైనా తప్పు పడితే నవ్వుతూనే సర్రున లాగి విప్పేసేది. ఒకసారి విప్పిన దారం అల్లొచ్చు, రెండుసార్లు విప్పింది కూడా ఎలాగో అల్లొచ్చు, ఆపైన దారానికి విసుగు పుడుతుందిరా అనేది. దారానికి విసుగేమిటి అని నేను నవ్వేవాణ్ణి.

ఈ రోజు పనిచేస్తుంటే అమ్మ ఎదురుగా కూర్చున్నట్టే ఉంది. షట్టరు లోంచి ఎండ ఏటవాలుగా పడి నేల మీద తీగంతా వెలిగింది. రీలు తిరుగుతోంది, చేపకన్ను పైకొచ్చి నన్ను చూసి కిందికి పోతోంది. మేలుకున్నానో కునికానో తెలియదు. వేళ్ళు మాత్రం ఆగలేదు. ఈ వయసులో ఇంతకంటే ఏం కావాలి మనిషికి?

సనా టీ తెచ్చి పక్కన పెట్టాడు. తాగేటప్పటికి చల్లారిపోయింది.

మే 12

తీగంతా రీళ్ళకెక్కింది.

ఇంట్లో చెప్పలేదు. చెబుదామనే వెళ్ళాను. జ్ఞానకుమారి సూట్‌కేసు తెరిచి దుప్పట్లు సర్దుతోంది. నాకు ఆ సన్న పైపులు గుర్తొచ్చాయి. సనా చెప్పింది నిజమే, మరీ సన్నవి. లావు పైపుతో కొత్త రీళ్ళు చేసి తీగని వాటికి మార్చాలి. చేసే పనేదో సరిగ్గా చెయ్యాలి కదా.

"ఎంతవరకూ వచ్చిందండీ?" అంది.

"వస్తోంది" అన్నాను.

మే 13

ఇదంతా సనా కోసమే.

మే 20

లావు పైపు రీళ్ళు పూర్తయ్యాయి. బాగున్నాయి. వేకువ పక్కన తడి ఇసుక, దాని పక్కన నూన్. అరలో వరసగా పెడితే చిన్నప్పుడు సంతలో చూసిన రంగులరాట్నంలా ఉంది.

భోజనం చేస్తున్నప్పుడు సనాని మామూలుగా అడిగాను. చాలా మామూలుగా. మాటల్లో మాటగా.

"భాయ్, ఒకవేళ నేనిక్కడే ఉండాలంటే నీ కంపెనీ వీసా మీద తీసుకోగలవా?"

అతను ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగి అప్పుడు చెప్పాడు.

"ఉస్తాదుని ఎవురన్నా వదులుకుంటారా? పెట్టిస్తా. అక్కకి చెప్పినావా?"

"చెప్తాను."

"ముందు చెప్పు."

"చెప్తాను లేవయ్యా."

ఉస్తాద్. ఆ మాట ఈ వీధిలో టీ కుర్రాడి నుంచి క్రేను డ్రైవరు దాకా అందరూ అంటారు. నరసాపురంలో బస్సు దిగగానే నేను నర్సమ్మగారి ఆయన్ని అయిపోతాను. సెలవుకెళ్ళిన ప్రతిసారీ అంతే. బజారులో కూరలమ్మే మనిషి కూడా "నర్సమ్మగారు బాగున్నారా" అని అడిగి వంకాయలు నా సంచిలో పోస్తుంది. వంకాయలు మంచివే. ఆవిడ తప్పేం లేదు.

మే 24

రీళ్ళు వచ్చినవి వచ్చినట్టు పెట్టాను, ఏది సన్నతీగో ఏది లావుతీగో కలిసిపోయాయి. సన్నతీగకి లేత రంగు మూతలు, లావుతీగకి ముదురు రంగు మూతలు ఉంటే సనాకి వెతుక్కునే బాధ ఉండదు. కాబట్టి మళ్ళీ మార్చాలి. లేదా మూతలు విప్పి మార్చొచ్చు. కానీ విప్పితే తీగ జారుతుంది. మళ్ళీ చుట్టడమే నయం.

జ్ఞానకుమారి పాస్‌పోర్టు అడిగింది. షాపు డ్రాయర్లో ఉంది, రేపు తెస్తానన్నాను.

మే 25

పాస్‌పోర్టు మర్చిపోయాను.

మే 27

మర్చిపోయాను.

మే 29

ఫలజ్ అల్ ముల్లాలో ఓ అరబ్బు తోట ఉంది. ఖర్జూరాలు, మేకలు. దాన్ని చూసుకునేది ముబారక్, కడప జిల్లావాడు. ఆ తోట పంపు మోటారు కాలిపోతే పోయిన వారం నేనే చుట్టి ఇచ్చాను. ఈ పొద్దున ఫోను.

"ఏం ఉస్తాద్, నువ్వు మోటారు చుట్టినావా, ఊదుబత్తి చుట్టినావా?"

"ఏమైందిరా?"

"ఏమైతాది, పొగొచ్చింది. వాసన గూడా బాగానే ఉండాది. మేకలన్నీ తొట్టికాడ నిలబడి నా మొగం జూస్తా ఉండాయి. నేను నీ మొగం జూడాలంటే నువ్వేమో ఊర్లో ఉండావు."

నా చేతి చుట్టు వారం రోజులకి కాలడం ఎన్నడూ లేదు. వోల్టేజీ ఎక్కువొచ్చి ఉంటుంది అన్నాను. వేడికి అయ్యుంటుంది అన్నాను. ఫోను పెట్టేశాక కూడా అవే మాటలు నాలో నేను అనుకుంటూ కూర్చున్నాను.

మే 30

సనా మోటారు తెప్పించి విప్పాడు. నల్లగా మాడిన చుట్టలోంచి ముక్క తీశాడు. తరవాత అరలోకెళ్ళి ఏ రీలు తీగ వాడానో అడిగి దాన్ని తెచ్చి భూతద్దం కింద పెట్టాడు. అద్దం నా చేతికిచ్చాడు.

రాగి తీగ మీద సన్నని లక్క పూత ఉంటుంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య కరెంటు దూకకుండా కాపాడేది అదే. ఆ పూత నిండా గీతలు. ఎండాకాలం చెరువు అడుగులా బీటలు.

"వరద నీళ్ళ వల్ల" అన్నాను.

"నీళ్ళ వల్ల ఇట్లా పగలదన్నా. వంచి, తీసి, వంచి, తీసి, మళ్ళా వంచితే పగులుద్ది. ఎన్నిసార్లు తిప్పినావు?"

"రీళ్ళు బాగా రావాలని."

"ఎన్నిసార్లు?"

అతను కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. నాకంటే చిన్నవాడు. అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"వీసా కావాలంటే ఎట్లా అయినా పెట్టిస్తా. అది వేరే. పోతానంటే ఏడ్చి పంపిస్తా. అదీ వేరే. కానీ ఏదో ఒకటి అక్కకి చెప్పిందాకా ఆ అర జోలికి పోబాక. తీగని చంపేస్తా ఉండావన్నా."

రీళ్ళన్నీ వరసగా ఉన్నాయి. అన్ని రంగులూ ఉన్నాయి. అందులో మోటారుకి పనికొచ్చే తీగ మూరెడు లేదు. ఏ తుక్కు కింద పోకూడదని నీళ్ళలోంచి తీశానో అది నా చేతులతోనే తుక్కయింది. ఎవరో చేసి ఉంటే బాగా తిట్టేవాణ్ణి.

జూన్ 2

సనా కొత్త తీగ తెప్పించాడు. మోటారు మళ్ళీ చుట్టాను, ఒక్కసారే, నెమ్మదిగా. ఫలజ్ వెళ్ళి నేనే బిగించాను. ముబారక్ మీట వేశాడు. గొట్టం దగ్గి దగ్గి, ఒక ఎర్రనీళ్ళ బుక్క ఉమ్మి, అప్పుడు తెల్లగా పోసింది. మేకలు నన్ను తోసుకుని పోయాయి.

"ఈసారి వాసన రాలేదే ఉస్తాద్" అన్నాడు ముబారక్, ముక్కు మోటారు దగ్గర పెట్టి.

"నీళ్ళ వాసన పీల్చవయ్యా."

"దానికి వాసనుంటాదా?"

ఉంది. ఇసుక మీద మొదటిసారి పడేటప్పుడు ఉంటుంది. ఖర్జూరపు చెట్ల నీడలో కూర్చుని కాలవ నిండటం చూశాను. నీళ్ళు ముందుకెళ్ళేముందు ప్రతి చెట్టు దగ్గరా కాసేపు ఆగుతున్నాయి. వెనక్కి మాత్రం ఒక్కసారీ రాలేదు. నేనది రాసుకోవాల్సిన అవసరం లేదు. రాశాను.

పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. ఇవ్వలేదు.

జూన్ 4

సాయంత్రం జ్ఞానకుమారి ఖోర్ ఒడ్డుకి, ఆ సముద్రపు పాయ దగ్గరికి, పోదామంది. మోకాళ్ళు నొప్పి అంటూనే నాకంటే ముందు నడిచింది. పోటు తగ్గి మడచెట్ల వేళ్ళు బయటపడ్డాయి. కొంగలు ఒంటికాలి మీద నిద్రపోతున్నాయి. నీళ్ళూ ఆకాశమూ ఒకే రంగు. పడవ ఒకటి ఏ రెంటికీ చెందనట్టు మధ్యలో ఆగి ఉంది. ఇలాంటి వేళప్పుడు ఏ మాటైనా మాట్లాడొచ్చనిపిస్తుంది, అసలేమీ మాట్లాడకపోయినా సరిపోతుందనిపిస్తుంది.

"రీళ్ళు ఎన్నిసార్లు చేశారండీ?" అంది.

"సనా ఫోన్ చేశాడా?"

"ఆయనెందుకు చేస్తాడు. నేను నర్సునండీ. నొప్పి ఎక్కడో చెప్పకుండా చుట్టూతా చెయ్యి తిప్పే మనుషుల్ని రోజూ చూశాను. ఇక్కడ కాదమ్మా, ఇక్కడ కాదమ్మా అంటారు. అలా తిప్పుతూనే ఉంటారు."

నేను పడవ వైపు చూశాను.

"చెప్పండి. ఎక్కడ?"

చెప్పేశాను. సనాని వీసా అడిగిన సంగతి, తీగ పాడైన సంగతి. ఆఖరికి వంకాయల సంగతి. అక్కడ నన్నెవరూ రత్నం అనరు జ్ఞానం, నర్సమ్మగారి ఆయన అంటారు అన్నాను. పైకి అన్నాక అది చాలా చిన్న మాటలా వినబడింది. ఇంత చిన్నదాన్నా నేను ఇన్నాళ్ళూ చుట్టింది?

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఇక్కడ నన్ను ఎవరైనా జ్ఞానకుమారి అన్నారాండీ? సిస్టర్ అన్నారు. నా తోడబుట్టనివాళ్ళందరూ సిస్టర్ అన్నారు. డాక్టరు గారూ సిస్టరే, పేషెంటూ సిస్టరే, ఊడ్చేవాడూ సిస్టరే. నా పేరుతో పిలిచేది ఈ ఊళ్ళో మీరొక్కరే. అదీ జ్ఞానం అని సగం కోసేసి."

మసీదు మైకు మొదలై ఆగిపోయింది. కొంగ ఒకటి కాలు మార్చుకుంది.

"మిమ్మల్ని ఇక్కడికి నేనే తీసుకొచ్చాను. అప్పుడు అడగలేదు. వీసా పంపించి రమ్మన్నాను, మీరొచ్చేశారు. ఆ సంగతి నాకు అప్పుడప్పుడు గుచ్చుకునేది. అందుకే ఈసారి తీసుకెళ్ళను. ఉంటానంటే ఉండండి, అన్నం ఎలా వండుకోవాలో రాసిపెట్టి వెళ్తాను. వస్తే మాత్రం మీ అంతట మీరు రావాలి. అక్కడ కూడా నా వెనక కూర్చోడానికైతే వద్దు."

"అన్నం వండటం నాకొచ్చు."

"గంజి వార్చడం రాదు."

అది నిజం.

జూన్ 5

షాపుకెళ్ళలేదు. రోజంతా కిటికీ దగ్గర కూర్చున్నాను. ఎదురింటి మేడ మీద ఎవరో తెల్ల దుప్పటి ఆరేశారు. గాలికి అది పైకి లేస్తూ, పడుతూ. ఇక్కడ ఉండి నేనేం చేస్తాను? ఉస్తాద్ అని పిలిపించుకుంటాను. పిలిచినవాడు వెళ్ళిపోయాక?

అక్కడ మటుకు ఏం చేస్తాను? తెలియదు. ఈ రెండు తెలియకపోవడాలూ ఒకటి కాదని మధ్యాహ్నానికి అనిపించింది. రెండోదానిలో జ్ఞానం పక్కన ఉంటుంది.

సనాకి ఫోన్ చేశాను. "చెప్పినావా?" అన్నాడు. "చెప్పాను" అన్నాను. "సరేలేన్నా" అన్నాడు. ఉంటానో పోతానో అతనూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

జూన్ 6

వీసా కాగితాలు టైపు చేసిచ్చే టైపింగ్ సెంటరుకి నేనే బయల్దేరాను, ఆవిణ్ణి రమ్మన్నాను. పాస్‌పోర్టు ఇంటి దగ్గరే ఆవిడ చేతిలో పెట్టబోతే "మీ దగ్గరే ఉండనివ్వండి" అంది.

కౌంటరులో ఉన్నమ్మాయి ఫైజా, హైదరాబాదు పిల్ల. నన్ను చూస్తూనే తెలుగువాణ్ణని పోల్చుకుంది. ఎట్లా తెలిసిందమ్మా అంటే చెప్పుల శబ్దానికి అంది. జ్ఞానకుమారి పక్క కుర్చీలో కూర్చుని గోడ మీద అతికించిన నోటీసులు చదువుతోంది, అరబ్బీవి. ఆవిడకి అరబ్బీ చదవడం రాదు.

"క్యాన్సిలా చాచా, ట్రాన్స్‌ఫరా?"

దారి పొడుగునా ఓ ఉపన్యాసం తయారుచేసుకున్నాను. ఏవేవో మంచి మాటలున్నాయి అందులో. ఒక్కటీ నోటికి రాలేదు. ఈసారి నోరు నాకంటే వెనక నడిచింది.

"ఇద్దరివీ కలిపి క్యాన్సిల్ చెయ్యమ్మా."

"కలిపి కాదు చాచా. ముందు మీది, అది అయినంక మేడమ్‌ది. కంప్యూటర్ తీసుకోదు అట్ల."

"అయితే ముందు నాదే కొట్టు."

ఆ పిల్ల కొట్టింది. ఎక్కడ సంతకం పెట్టాలో గోటితో చూపించింది. పెట్టాను. జ్ఞానకుమారి ఇంకా ఆ అరబ్బీ నోటీసే చదువుతోంది. చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది.

బయట ఎండ మండిపోతోంది. గొడుగు ఒక్కటే తెచ్చుకున్నాం. ఆవిడ తెరిచి, రెండడుగులు వేసి ఆగి, దాన్ని నా వైపు చాపింది.

"మీరు పట్టుకోండి. పొడుగ్గా ఉన్నారు."

పట్టుకున్నాను.